తక్కెడ పెట్టెలో మా సంతకాలు

ఆ కాలంలో మా ఆదోనిలో పత్తి మూటలు మోసేవాడికి చదువెందుకని ఎవరూ అడిగేవాళ్ళు కారు, ఎందుకంటే వాడు చదువుతాడన్న అనుమానమే ఎవరికీ లేదు. నాకైతే మీసాలొచ్చి, పెండ్లయి, ఒక బిడ్డకు తండ్రినైనాక అక్షరాలొచ్చినాయి. ఇప్పుడు ఇది రాస్తాండేది ఆ చేత్తోనే. వంకరగా ఉంటే మీరే సర్దుకోండి, నేను నేర్చుకునింది రాయడం మాత్రమే, సింగారించి రాయడం కాదు. మాకు చెప్పినాయన హైస్కూలు అయ్యవారు. సన్నగా, పొడుగ్గా, మడిచిన గొడుగు మాదిరి ఉండేవాడు (గొడుగు కూడా ఎప్పుడూ చంకలోనే ఉండేది, వానే పడని ఊర్లో). తెల్లారి మేము పనిచేసే పత్తి ప్రెస్సు కూత పెట్టకముందే, దాని కాంపౌండులో పత్తి నింపే గోనె బోరాల మీద మమ్మల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. ఆయనకు రెండే పట్టుదలలు. ఒకటి, అక్షరం వచ్చినోడు మళ్ళీ జన్మలో వేలిముద్ర వేయకూడదు. రెండు, పేరు రాయని కాగితం ఎవరి చేతికీ ఇవ్వకూడదు. పేరు లేకుంటే ఆయన చదివేవాడే కాదు, చెయ్యి చాపి గాలికి వదిలేసేవాడు. నాతోపాటు మూటలు మోసే నల్లన్న కాగితం ఒకసారి అట్లే ఎగిరిపోయి, బండికి కట్టిన ఎద్దు ముందర పడింది. ఎద్దు నింపాదిగా నమిలేసింది. "సూస్తివా నల్లన్నా, నీ పాఠం ఎవరికి వంటబట్టిందో" అన్నాడు అయ్యవారు. ఆ దినం నుంచి మేమందరం చెవి వెనక పెన్సిలు లేకుండా గడప దాటలేదు.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. యాభై ఐదులో ఎన్నికలొచ్చినాయి. ఊరి పెద్దలు కొందరు పోయి అయ్యవారిని అసెంబ్లీకి నిలబడమన్నారు. ఆయన ఒక రాత్రి ఆలోచించుకొని, హైస్కూలు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి నిలబడినాడు. ఓడిపోతే ఇంక బడీ లేదు, సభా లేదు. ఇంటినిండా పిల్లలు. అందుకని ఆయన గెలవాలని నేను ఆంజనేయస్వామికి మొక్కుకునేవాణ్ణి. మొక్కు సగంలో ఉండగా ఇంకొకటి తోచేది. గెలిస్తే కర్నూలుకు పోతాడు కదా, మరి మా బడి? నేనప్పటికి ఒత్తుల కాడికి వచ్చి ఆగినాను. స్వామికి ఏమి చెప్పాలో తెలియక దండం పెట్టి ఊరకే లేచి వచ్చేవాణ్ణి.

ఓట్లు అడగడం ఆయనకు చేతకాలేదు, ఉన్నమాట చెప్పాల. ఎమ్మిగనూరుకు పోయే దావలో ఒక పల్లెలో బెంచీ ఎక్కి, "శాసనసభ అంటే ఏమి? ఎవరు చెప్తారు?" అని అడిగి చేతులు కట్టుకొని నిలబడినాడు. జనం తలలు దించుకున్నారు. ఆయన ఒక ముసలాయన మీదికి వేలు చూపించినాడు. ఆ ముసలాయన లేచి, "నేను నిన్న ఊర్లో లేను సామీ" అన్నాడు. నల్లన్న నా చెవిలో, "మన సారు ఓట్లు అడుగుతాండాడా, పరీక్ష పెడతాండాడా?" అన్నాడు. ఎదుటి అభ్యర్థి ఆ పల్లెకే జీపులో వచ్చి, అందర్నీ అన్నా, అత్తా అని పిలిచి, మజ్జిగ తాగి పోయినాడు.

అప్పటి ఓటు ఇప్పటి మాదిరి కాదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఇనుప పెట్టె, దాని మీద వాళ్ళ గుర్తు అంటించి, గోనెపట్టా తెర వెనక వరసగా పెట్టేవాళ్ళు. చేతికిచ్చిన కాగితాన్ని మనకు కావలసినాయన పెట్టెలో వేసి రావాల, అంతే. మా అయ్యవారిది తక్కెడ గుర్తు. ఓట్ల దినం మా బోరాల బడి మొత్తం తలకు నూనె పెట్టుకొని, పెన్సిళ్ళు చెక్కుకొని వరసలో నిలబడినాము. ముందర నల్లన్న. ఆఫీసరు సిరా బుడ్డి తీసి వేలు పట్టుకోబోయినాడు. నల్లన్న చెయ్యి వెనక్కు లాక్కున్నాడు.

"వేలిముద్ర నేను వేయను సార్. సంతకం వచ్చు నాకు."

"ఇది వేలిముద్ర కాదప్పా, గుర్తు. ఒకసారి వేసినోడు మళ్ళీ రాకుండా."

"మళ్ళీ ఎందుకొస్తాను? కావాలంటే రానని రాసిస్తాను, కాగితం ఇయ్యండి."

మా బడోళ్ళందరం అదే మాట మీద నిలబడినాము. వరస ఆగిపోయింది. ఎదుటి పార్టీవాళ్ళు కూడా వచ్చి మమ్మల్ని బతిమాలినారు (వాళ్ళ ఓటర్లు మా వెనక ఎండలో మాడతాండారు). సిరా ముట్టుకున్నా కాగితానికి తాకించం అని ఒప్పందం చేసుకొని, వేళ్ళు చాపినాము. నేను తెర వెనక్కు పోయినాను. తక్కెడ పెట్టె కనపడింది. చేతిలో కాగితం, చెవి వెనక పెన్సిలు. పేరు లేని కాగితాన్ని మా సారు ముట్టుకుంటాడా? పెట్టె మీదనే పెట్టుకొని, నా పేరు, నాయన పేరు, ఊరు, నింపాదిగా రాసినాను. జాగా మిగిలితే 'సారుకు దండాలు' అని కూడా రాసి లోపల వేసినాను.

ఆడోళ్ళ వరసలోంచి నా భార్య అప్పటికే వేసి వచ్చి నిలబడింది. ఆమెది ఎమ్మిగనూరు మగ్గాల ఇల్లు, నూలు తప్ప అక్షరం తెలియదు.

"ఏమయ్యా, లోపల అంతసేపు ఏం చేస్తివి?"

"పేరు రాస్తిని."

"కాగితం వేయమనిరి గానీ రాయమనిరా?"

"సదువు రానిదానివి, నీకేం తెలుసే" అన్నాను.

ఓట్లు లెక్కపెట్టే దినం మేము గేటు బయట కాచుకొని ఉన్నాము. ఒకసారి తక్కెడ ముందరుంది అంటారు, ఇంకోసారి జీపాయన ముందరున్నాడు అంటారు. నల్లన్న గోళ్ళన్నీ కొరికేసి నా గోళ్ళ దిక్కు చూస్తాండాడు. పొద్దు వాలినాక అయ్యవారు బయటికొచ్చినాడు. మెడలో దండ ఉంది, ముఖంలో నవ్వు లేదు. దండలతో ఎగబడిన జనాన్ని చేత్తో ఆపి, బడిలో మాదిరే మా పేర్లు వరసగా పిలిచినాడు. సన్మానం చేస్తాడేమోనని మేము ఛాతీలు విరుచుకొని, "హాజర్ సార్, హాజర్ సార్" అన్నాము.

"ఇప్పుడు పిలిచినోళ్ళెవరూ నాకు ఓటు వేయలేదు" అన్నాడు.

నల్లన్నకు ఏడుపొచ్చింది. "తక్కెడలోనే వేస్తిమి కదా సార్, పేర్లు కూడా రాస్తిమి."

"అందుకే. ఓటు గుట్టుగా వేయాల. పేరు రాస్తే చెల్లదు. ఆఫీసరు మీ కాగితాలన్నీ ఒక్కొక్కటే పైకెత్తి, పేరు చదివి, పక్కన పడేసినాడు. నేను కొసపాణంతో గెలిచినాను."

"మరి ఎవరు గెలిపించిరి సార్?" అన్నాను.

"రాయడం రానోళ్ళు" అన్నాడు. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వు మాత్రం ఆగలేదు. అప్పుడు నవ్వినాడు అయ్యవారు కూడా. "ఆఫీసరు మీ కాగితాలు చూసి, ఈ మూటలోళ్ళకు ఎవరు నేర్పినారయ్యా అని అడిగినాడు. నేనే అన్నాను. జీపాయన ముందర, అందరి ముందర. గెలిచినావని చెప్పినప్పుడు కూడా నాకు అంత సంతోషం కాలేదప్పా." మెడలో దండ తీసి గొడుగుకు తగిలించి, "ఈ దినంతో బడి చాలిద్దామనుకొని వచ్చినాను. మీ యవ్వారం చూస్తే చాలించేట్టు లేదు. సభ లేని ఆదివారాలు బస్సుకు వస్తాను. బోరాలు పరిచి పెట్టండి" అన్నాడు. వచ్చినాడు కూడా, ఎమ్మెల్యేగా ఉన్నంతకాలం, అదే గొడుగుతో. నా ఒత్తులు అట్లే పూర్తయినాయి. వెనక బోరా మీద నా భార్య కూర్చునేది, నాకంటే ముందర ఆమెకే వచ్చేసినాయి.

మొన్న ఎన్నికలకు మనవడు నన్ను బండి మీద తీసుకపోయినాడు. ఇప్పుడు పెట్టెల్లేవు, కాగితం లేదు, మీట ఉంది. అంత కష్టపడి వేలిముద్ర మానుకున్న నేను ఒక్క వేలితో నొక్కితే కూతపెట్టింది, మా పాత ప్రెస్సు మాదిరే. అయినా కదలబుద్ధి కాలేదు. చెయ్యి దానంతటదే చెవి వెనక్కు పోయింది. ఆడ పెన్సిలు ఉండనే ఉంది.