వర్లి ఫోనులో ఎక్కిళ్ళు

వర్లిలో మా కంప్యూటరు ఫోను ఎత్తడం మానేసింది. నేను మొదటిసారి బొంబాయి చూడడానికి అదే కారణం.

ఎనభైల నాటి మాట. అక్కడి ఒక బట్టల కంపెనీ కంప్యూటరును హైదరాబాదు నుంచి, టెలిఫోను తీగ మీదుగా చూసుకోవడం నా ఉద్యోగం. సాయంత్రం వాళ్ళ ఆఫీసు మూశాక నేను మోడెం అనే డబ్బాతో రింగు ఇవ్వాలి. అక్కడి డబ్బా ఎత్తి యంత్రాన్ని నా చేతికివ్వాలి. కొన్నాళ్ళుగా రెండో రింగుకే ఎవరో ఎత్తినట్టుండేది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ తిప్పేవాణ్ణి. చివరికి మా పైఅధికారి "వెళ్ళి చూసి రా" అన్నాడు.

మధ్యాహ్నం నాంపల్లిలో బండెక్కాను. నా బెర్తు మీద ఒక పెద్దాయన మామిడిపండ్ల బుట్ట పెట్టుకున్నాడు. "నువ్వు ఎట్లయినా సర్దుకుంటవ్ బాబూ, పండ్లు సర్దుకోవు" అన్నాడు. కాదనలేక షోలాపూరు దాకా కాళ్ళు ముడుచుకునే పడుకున్నాను. పొద్దున దాదర్‌లో దిగాను. మీరూ అక్కడే దిగండి. స్టేషను బయట ఇరానీ హోటల్లో బన్ను, చాయ్ కడుపు నింపుతాయి. వర్లికి బస్సు ఉంటుంది.

మధ్యాహ్నం ఆ కంపెనీ ఆఫీసులో, మేనేజరు గదిలోని ఫోను నుంచి రింగు ఇచ్చి చూస్తే కంప్యూటరు పక్కనున్న డబ్బా బుద్ధిగా ఎత్తింది. "రేపటికి బాగవకపోతే ఈ డబ్బాను పీకేయిస్తాను" అని చెప్పి మేనేజరు ఇంటికి పోయాడు. సాయంత్రం డ్యూటీకి వచ్చిన వాచ్‌మన్ బాలయ్య నా తెలుగు విని పొంగిపోయాడు. తాతలనాడే పాలమూరు నుంచి వచ్చి కామాటిపురాలో స్థిరపడ్డారట. "లాడ్జి గీడ్జి ఎందుకు సారూ, మా ఖోలి లేదా?" అంటూ తమ ఒంటిగది ఇంటికి పిలిచాడు.

ఏడుకు హైదరాబాదు నుంచి మా ఆఫీసువాడు రింగు ఇచ్చాడు. యంత్రం పక్కనే ఉన్నాను. రెండో రింగుకే మోత ఆగిపోయింది. బయటికి వచ్చాను. వాచ్‌మన్ గదిలో అదే లైనుకు ఇంకో ఫోను ఉంది. బాలయ్యకు భోజనం తెచ్చిన భార్య లక్ష్మమ్మ రిసీవరు చెవికి అదుముకుని ఉంది.

"ఏడ్వకు బిడ్డా. నేనున్న గద. టెన్షన్ తీస్కోకు, మంచిగ తిను" అంటోంది.

బాలయ్య గొంతు తగ్గించి చెప్పాడు. వాళ్ళుండే చాల్‌లో, అంటే వరసగదుల మేడలో, అందరూ ఊళ్ళో ఇచ్చుకున్న నంబరు ఇదే. ఎవరికి కబురొచ్చినా ఇతనే తీసుకుని ఇల్లిల్లూ తిరిగి చెబుతాడు. "మా బిడ్డకు ఇది రెండో కాన్పు సారూ, అత్తగారింట్ల. రోజూ ఇదే టైముకు ఫోను జేస్తది. మాట రాదు, ఒకటే ఎక్కిళ్ళు."

నేను రిసీవరు అందుకున్నాను. కూ... కాసేపు ఆగి, మళ్ళీ కూ... ఎదుటి డబ్బా కోసం మా మోడెం పెట్టే కూత. అది మా యంత్రం కూత అని మెల్లగా చెప్పాను. ఆమె నమ్మలేదు. "మిషిన్ గిట్ల ఏడుస్తదా? నా బిడ్డ గొంతు నాకు ఎరుక లేదా?"

బాలయ్యను డ్యూటీలో వదిలి, లక్ష్మమ్మా నేనూ లోకల్ రైల్లో గ్రాంట్ రోడ్డు చేరి, ఫోరస్ రోడ్డు మీదుగా వాళ్ళ చాల్‌కు నడిచాం. వరండా పొడవునా వేడి రొట్టెల వాసన, తెలుగూ మరాఠీ కలగలిసిన పోట్లాటలు. నాకు జొన్నరొట్టె వడ్డించిన లక్ష్మమ్మ తాను మాత్రం ముద్ద ముట్టలేదు.

మర్నాడు లక్ష్మమ్మను ఆఫీసుకు రప్పించి, కూతురి అత్తగారి ఊరి పోస్టాఫీసుకు ట్రంకు కాల్ బుక్ చేశాను. లైను కలిసేసరికి మధ్యాహ్నమైంది. కూతురే వచ్చింది. గట్టిగా మాట్లాడుతోంది, పక్కనున్న నాకూ వినబడింది.

"నేనెందుకు ఏడుస్తనే అమ్మా? మంచిగున్న. ఇంక పదిహేను దినాలు పడ్తదట."

ఫోను పెట్టాక లక్ష్మమ్మ కొంగుతో ముఖం కప్పుకుని బాగా ఏడ్చింది. తేరుకుని అడిగింది: "మరి ఇన్ని దినాలు నేను ధైర్యం జెప్పింది ఎవలికి?"

ఆ చివర కూర్చున్నది నేనే. ఆమె "తిను బిడ్డా" అన్నప్పుడల్లా ఆ మాట నా బల్ల దాకా వచ్చింది. నా డబ్బాకు వినే చెవి లేదంతే.

వాచ్‌మన్ గదిలో ఫోను తీసేస్తే నా పని చిటికెలో అయిపోయేది. చేతులు రాలేదు. ఉపాయం లక్ష్మమ్మే చెప్పింది. "ముందుగాల నువ్వు మాట్లాడు. పెట్టేసినంక నీ మిషిన్‌ను ఏడ్వనియ్యి. మేం ముట్టం." ఆ సాయంత్రం హైదరాబాదులోని మా ఆఫీసువాడితో అలాగే చేయించాను, యంత్రం దొరికింది. మేనేజరుకు లైను బాగైందని మాత్రం చెప్పాను.

తిరుగు బండిలో ఆమె కట్టిచ్చిన రొట్టెల మూట విప్పాను. బొంబాయిలో సముద్రం చూడలేదు, చూడలేదన్న బెంగా కలగలేదు. ఆ యంత్రం మూలపడేదాకా రోజూ ఏడుకు ముందు నేనే ఫోను చేసేవాణ్ణి. ఒకరోజు "మనవరాలు పుట్టింది" అన్న కబురు నాకే మొదట చెప్పారు. మిగతా రోజుల్లో ఆమె అడిగేది ఒకటే. "తిన్నవా బిడ్డా?"

తిన్నానమ్మా అనేవాణ్ణి. ఆ తర్వాతే డబ్బా మీట నొక్కేవాణ్ణి.