ఖత్‌లో బాలింత స్నానం

ఖత్‌లో వేడినీళ్ళ ఊట దగ్గర ఇప్పుడు స్పా హోటల్ ఉందట. మా అమ్మాయి ఫోన్‌లో ఫొటోలు చూపించి "వెళ్దామా అమ్మా?" అంటే నవ్వొచ్చింది. హోటల్ లేని రోజుల్లోనే నేను ఆ వేడినీళ్ళలో దిగాను, తిట్లు కూడా తిన్నాను. అప్పటికి ఈ అమ్మాయికి రెండో నెల.

ఎనభైల మొదట్లో మేం అరబ్బుల దేశంలో, రాస్ అల్ ఖైమాలో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక రాతిక్వారీలో స్టోర్‌కీపర్. కంపెనీ ఇచ్చిన రెండు గదుల ఇల్లు. కాన్పు అక్కడి ఆసుపత్రిలో సుఖంగానే జరిగింది కానీ, నడుము మాత్రం పట్టేసింది. వంగితే లేవలేను, కూర్చుంటే నిలబడలేను. ఉయ్యాల్లోంచి బిడ్డను తీయాలన్నా పక్కింటి ఆపాను కేకెయ్యాల్సి వచ్చేది.

ఒకరోజు భోజనం చేస్తూ మా ఆయన, "అయిదారు నెలలు మీ అమ్మ దగ్గర ఉండి రాకూడదూ?" అన్నారు. మర్నాడూ అదే మాట. ఆ పై రోజు ముదీర్‌తో, అంటే మేనేజరుతో మాట్లాడానని, టికెట్ చేయిస్తానన్నాడని చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. పొమ్మనలేక పొగబెడుతున్నారనుకున్నాను. బిడ్డను ఎత్తుకోలేని పెళ్ళాం బరువైపోయింది కాబోలు!

"నడుం తగ్గితే వెళ్ళక్కర్లేదుగా?" అని అడిగాను.

"తగ్గితే ఎందుకు వెళ్ళడం?" అన్నారు ఆయన, కంచంలోంచి తలెత్తకుండా.

సరే, తగ్గించుకుని చూపిస్తాననుకున్నాను. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఆపా అంటే ఉర్దూలో అక్క; ఆవిడది నెల్లూరు. వాళ్ళాయన అదే క్వారీలో పికప్ నడిపేవాడు. ఆపా నా గోడు విని, "ఇంట్లో బకెట్టు నీళ్ళకి తగ్గే నొప్పా అమ్మణ్ణీ ఇది? ఖత్‌లో కొండ కింద వేడినీళ్ళు ఊరతా ఉంటాయి. ఈడి ఆడోళ్ళు కాన్పయినాక ఆడికే పోతారంట. జుమ్మా రోజు పొద్దున్నే మా ఆయన్ని బండి తియ్యమంటాలే" అంది.

బాలింత స్నానమంటే నాకు తెలిసింది మా అమ్మ పద్ధతే. ఒంటికి నువ్వులనూనె, దానిమీద పసుపు, ఆపైన ఓర్చుకోలేనంత వేడినీళ్ళు. శుక్రవారం తెల్లారగానే నూనే పసుపూ దట్టంగా పట్టించుకుని, పాత నేతచీర చుట్టుకుని, పైన దుప్పటి కప్పుకున్నాను. వీపుకు ఆపానే రాసింది. ఆడవాళ్ళం ముందు కూర్చున్నాం, మా ఆయన బండి వెనక తొట్టిలో. దారంతా గులకరాళ్ళ మైదానం, అక్కడక్కడా తుమ్మచెట్లు. కొండ దగ్గర పడేసరికి ఖర్జూరపు తోటలు మొదలయ్యాయి. ఊటకు రెండు వైపులా గోడలు కట్టి మగవాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి స్నానాల చోటు చేశారు. బిడ్డకు పాలిచ్చి ఆయన చేతిలో పెట్టి ఆపాతో లోపలికెళ్ళాను.

మెట్లు దిగి మెడదాకా మునిగాను. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చేలాంటి సన్నని వాసన. నడుములో ముడి మెల్లగా వదులవుతుంటే కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నా చుట్టూ నీళ్ళమీద పసుపచ్చటి జిడ్డు తెట్టు కట్టి, అవతల కూర్చున్న ఆడవాళ్ళ వైపు వెళ్తోంది. వాళ్ళు గౌన్లు ఎత్తిపట్టుకుని గబగబా మెట్లెక్కేశారు. ముక్కుమీద బంగారు రంగు ముసుగు పెట్టుకున్న ఒక ముసలామె "లా! లా!" అంటూ, వద్దు వద్దని నామీద విరుచుకుపడింది.

ఆమె కోపం న్యాయమైనదే. మన ఇళ్ళలో ఎవరి చెంబు వాళ్ళది, ఒంటిమీది నూనె తూములోంచి పోతుంది. నలుగురూ కలిసి కూర్చునే నీళ్ళలోకి నూనెతో దిగకూడదని నాకూ తట్టలేదు, ఆపాకూ తట్టలేదు.

ఆపాకు వచ్చిన అరబ్బీ కూరగాయల కొట్టుకు సరిపోయేది. పాపం, అడకత్తెరలో పోకచెక్కలా నిలబడి, చేతులతో ఉయ్యాల ఊపి చూపించి, నా పొట్టవైపు వేలు పెట్టింది. ముసలామె తిట్టడం ఆపేసింది. నా జబ్బమీద వేలితో రాసి వాసన చూసి "కుర్కుమ్" అంది. పసుపే కదా, వాళ్ళకూ తెలుసు.

నా మణికట్టు పట్టుకుని పైకి లాగి, గోడవారన తూము దగ్గర రాతిమీద కూర్చోబెట్టింది. డబ్బాతో ఊటనీళ్ళు తెచ్చి వీపుమీద ధారగా పోసింది. తలకు ఏదో ఆకుపొడి రుద్దింది, రేగాకు వాసన. తలమీద పోసే ముందు కళ్ళలో పడకుండా నా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

మా అమ్మ కూడా అలాగే పెట్టేది. నేను ఏడ్చేశాను. సన్నగా కాదు, "అమ్మా" అంటూ పైకే ఏడ్చాను.

"నూనంతా పోయిందిగా, ఇంకెందుకమ్మణ్ణీ ఏడుపు?" అని ఆపా కంగారు పడింది. ముసలామె ఇంకో డబ్బా పోసింది. ఒళ్ళు శుభ్రమయ్యాక తనే మళ్ళీ కొలనులోకి దింపింది. చాలాసేపు కూర్చున్నాను. పైకి వచ్చేటప్పుడు గోడ పట్టుకోలేదు.

బయట మా ఆయన బిడ్డను భుజాన వేసుకుని నిలబడ్డారు. నా నడక చూసి ముఖం చేటంత చేసుకున్నారు. పెళ్ళయ్యాక ఆయన అంతలా నవ్వడం చూడలేదు.

"నడుం నిలబడిందే! రేపే ముదీర్‌కి చెప్పేస్తా, టికెట్ వద్దని. వారం వారం ఇక్కడికే వద్దాం."

"వద్దండీ. టికెట్ చేయించండి," అన్నాను. "నేను మా అమ్మ దగ్గరికి వెళ్తాను."

ఆయన నవ్వు పోయింది.

"ఎన్నాళ్ళు?" అన్నారు. బిడ్డను ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నారు. నాకు ఎవరూ పొగబెట్టలేదని అప్పటికి తెలిసింది నాకు. నేను లేని ఇల్లంటే ఆయనకు భయం. నా నొప్పి చూడలేక ఆ మాట అన్నారు.

"మీరే అన్నారుగా, అయిదారు నెలలని."

"అన్నాననుకో. మూడు నెలలు చాలవూ?"

బిడ్డకోసం చేతులు చాపాను. ఆయన ఇవ్వలేదు.