మదురైలో దొరకని కనెక్టింగ్ రాడ్

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి స్పానరు పట్టడానికి పనికిరాకుండా పోయింది. అప్పటినుంచి కోయంబత్తూరులోని మా స్పేర్ పార్ట్స్ అంగడిలో నేనే కూర్చుంటున్నాను. మేము పాత మోపెడ్లకు, టూ స్ట్రోక్ మోటారు సైకిళ్లకు మాత్రమే సామాను అమ్ముతాం. ఆ బండ్లు చేసిన కంపెనీల్లో కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఆ మోడళ్లను మరిచిపోయాయి. బండ్లు మాత్రం కొబ్బరితోటల్లో, మామిడితోటల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఏదో ఒకటి విరిగితే జనం దాన్ని పట్టుకుని నా దగ్గరికి వస్తారు. పొద్దుటినుంచి "లేదు, లేదు" అని చెప్పి చెప్పి సాయంత్రానికి నోరు తెరవబుద్ధి కాదు.

ఒక వేసవి ఉదయం నేను వాకిలి ఊడుస్తుండగా ఒక పెద్దావిడ వచ్చింది. ఉడుమలైపేట పక్కనుంచి బస్సులో వచ్చిందట. సంచిలోంచి తువ్వాలులో చుట్టిన ఇంజన్ క్రాంకును, దాన్ని పిస్టనుకు కలిపే రాడ్డుతో సహా తీసి కౌంటరు మీద పెట్టింది. మాట వినగానే మాలాగే ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లేనని తెలిసింది.

"కనెక్టింగ్ రాడ్డు ఆడతా ఉండాదంట అమ్మా. అది మారిస్తేదా వండి ఓడుతుందని మెకానిక్కు చెప్పె."

తమిళం కలిసి బండిని వండి అనడం, నడవడాన్ని ఓడడం అనడం, నొక్కి చెప్పడానికి దా తగిలించడం మా అందరి ఇళ్లలోనూ ఉన్నదే. ఆమెది పెడల్ తొక్కి స్టార్ట్ చేసే యాభై సీసీ మోపెడ్. మోటారు సైకిల్ కొనలేని ఇళ్లకు మొదట వచ్చిన మోటారు అదే. పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి, ఎత్తు వస్తే మనమూ పెడల్ తొక్కి సాయం చెయ్యాలి. పాలవాళ్లు, బడిపంతుళ్లు, చీరల మూటలవాళ్లు దానిమీదే బతికారు. తర్వాత గేర్లు లేని స్కూటర్లు వచ్చాయి, ఇవి తయారవడం ఆగిపోయింది. కొన్నాళ్లు ఉత్తరాది నుంచి నకిలీ సామాను వచ్చేది. ఇప్పుడు అదీ లేదు.

"దొరకదు పెద్దమ్మా. వేరే వండి కొనుక్కోరాదా?" అన్నాను.

"కరెంటు వండి కొనిస్తాననె కొడుకు. దాన్ని చూస్తేనే నాకు భయ్యం. మా ఇంటాయన పోయినాక తోటకు పోను ఇదొక్కటిదా నేర్చుకుంటి. ఇది నేను చెప్పినట్ట ఇంటాది."

మంచినీళ్లు అడిగి తాగింది. లేచి వెళుతూ, "ఇది ఈడనే ఉండనీ. నువ్వు ఒక తూరి వెతుకమ్మా" అని క్రాంకు కౌంటరు మీదే వదిలేసి పోయింది. నాకు కోపం వచ్చింది. దొరకదని చెప్పాక కూడా ఆ బరువు నా నెత్తిన పెట్టి పోయిందే అనుకున్నాను.

తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. మదురైలో మా ఆయనకు పాత స్నేహితుడొకాయన ఉన్నారు, ఇదే వ్యాపారం.

"అంగడి మూసేస్తా ఉండాను తల్లీ" అన్నారాయన. "అంతా గోతాల్లో కట్టి పాత ఇనుముకు పంపిస్తుండాను. రేపు సాయంత్రం లారీ వస్తాది. ముందే వచ్చి చూసుకో."

మర్నాడు ఆ క్రాంకు సంచిలో వేసుకుని తొలి బస్సుకు వెళ్లాను. అరలన్నీ ఖాళీ. అంగడి నిండా గోతాలు. ఆయన వీధివైపు కుర్చీ వేసుకుని, లోపలికి చూడకుండా కూర్చున్నారు.

"నాకు మనసు లేదమ్మా. నువ్వే వెతుక్కో."

ఒక్కో గోతం విప్పి నేలమీద పోశాను. పిస్టన్లు, గొలుసులు, చిలుం పట్టిన స్ప్రింగులు. చేతులు మోచేతులదాకా నల్లబడ్డాయి. మధ్యాహ్నం దాటాక ఆయిల్ కాగితం చుట్టిన ఒక పొట్లం దొరికింది. దానిమీద పెద్దావిడ బండి మోడల్ నంబరే ఉంది. విప్పి క్రాంకుకున్న పాత రాడ్డు పక్కన పెట్టి చూస్తే పొట్టిగా ఉంది. ఎవరో ఏనాడో వేరే బండి రాడ్డు అందులో పెట్టేశారు.

లారీ వచ్చింది. గోతాలు ఎక్కిస్తుంటే ఆయన లేచి నిలబడ్డారు.

"అమ్మినప్పుడు ఏనాడూ బాధ లేదమ్మా. తూకానికి పోతుంటేదా కడుపు మండుతుంది."

బస్సులో కిటికీకి తల ఆనించి ఇంటిదాకా నిద్రపోయాను.

మా ఆయన నా చేతులు చూసి, "దొరికిందా?" అన్నారు.

"లేదు."

పెరటివైపు చూశారు. తర్వాత, "మన వండిలో ఉండాది గదా" అన్నారు.

పెరట్లో రేకుల కింద ఆయన మోపెడ్ ఉంది. అదే మోడల్. మళ్లీ ఎక్కుతానని ఎడమచేత్తోనే దాన్ని తుడుచుకుంటూ వచ్చారు. నాకు ఆ ఆలోచన రాకపోలేదు, నోటితో అనే ధైర్యమే లేకపోయింది.

"అది మీ వండి" అన్నాను.

"నేను ఇంక ఎక్కుతానా? నువ్వే చెప్పు."

కాళ్లు కడుక్కునే నెపంతో లోపలికి వెళ్లిపోయాను.

మరునాడు మాకు తెలిసిన మెకానిక్కు వచ్చి మా బండి ఇంజన్ విప్పాడు. మా ఆయన పక్కన కూర్చుని చూశారు. "మెల్లగ, మెల్లగ" అని ఒక్కసారే అన్నారు. లేత్ యంత్రాలుండే పట్టరలో ఆ రాడ్డును పెద్దావిడ క్రాంకుకు ఎక్కించారు.

తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఆమె, "ఎక్కడ దొరికె?" అని అడిగింది. నేను తడబడుతుంటే మా ఆయనే జవాబిచ్చారు.

"ఇంట్లోనే ఉండె అక్కా. ఆయిలు మాత్రం తక్కువ పొయ్యకండి."

ఆమె మా ఆయన చేతిని చూసింది, నన్ను చూసింది. క్రాంకును తువ్వాలులో చుట్టుకుని లేచింది. ఆ నెలాఖరుకు తోటకు మళ్లీ బండిమీదే పోతున్నానని ఫోన్ చేసింది.

ఆ తర్వాత దారి తెరుచుకున్నట్టయింది. మా బండి కార్బురేటరు పెరియకుళం పోయింది, వెనక చక్రం మేలూరు పోయింది. ప్రతిసారీ ఆయనే, "ఇచ్చెయ్యి" అన్నారు. చివరికి ఒట్టి ఫ్రేము మిగిలితే దాన్ని కూడా ఎవరో వెల్డింగ్ పనికి అడిగి తీసుకుపోయారు.

ఇప్పుడు బండి ఉండిన ఆ రేకుల కింద ఆయన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. గాలి బాగా వస్తుందంటారు. కాఫీ అక్కడికే తెమ్మంటారు. గ్లాసు చేతికిచ్చి, పని ఉందని నేను వెంటనే వచ్చేస్తాను.