చెరిపేసిన రీడింగులు

మా ఫిజిక్స్ ల్యాబులో లోలకం ఎప్పుడూ తప్పు చెయ్యలేదు. ఏలూరులో మూడేళ్ళు బీఎస్సీ చదివాను. గురుత్వ త్వరణం, మా భాషలో జి, ఎవరు కొలిచినా పుస్తకంలో ఉన్న 980కి అటూ ఇటూ ఒకటో రెండో తేడా. ఎందుకు రాదండీ! ముందు 980 రాసుకుని, అక్కణ్ణించి వెనక్కి లెక్క కట్టుకుంటూ రీడింగులు నింపేవాళ్ళం. దాన్ని కుక్ చెయ్యడం అనేవాళ్ళం. సీనియర్లు మాకు నేర్పారు, మేం జూనియర్లకి నేర్పాం. మా సారుకీ తెలుసు. అంతమంది పిల్లలకి రెండు లోలకాలు పెట్టుకుని పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు? ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని నాకు మహా పొగరు.

నా పక్క బల్ల దగ్గరి స్నేహితుడికి ఈ విద్య అబ్బలేదు. కలిదిండి దగ్గర పల్లెటూరు వాడిది. పొద్దున్నే చేపల లారీల మధ్య ఇరుక్కుంటూ వచ్చే బస్సులో ఏలూరు చేరేవాడు. నేను తాడేపల్లిగూడెం నుంచి రైల్లో దిగేసరికి ల్యాబు మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. లోలకాన్ని నిజంగానే ఊపేవాడు, ఊపులు నిజంగానే లెక్కపెట్టేవాడు. "ఏరా, ఇంకా ఊపుతున్నావా, జోల కూడా పాడనా?" అని ఏడిపించేవాణ్ణి.

ఆఖరి సెమిస్టరు ప్రాక్టికల్ నాటికి వాడికి ఉద్యోగం మాట ఒకటి అయింది. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబు, ఇంటికి దగ్గర్లోనే. జూన్‌కల్లా డిగ్రీ పాసైతే చేర్చుకుంటాం, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాం అని వాళ్ళు నిక్కచ్చిగా చెప్పేశారు. ప్రాక్టికల్ పోతే డిగ్రీ మరో ఏడాదికి. "ఈ ఒక్కటీ గట్టెక్కితే చాలురా" అని పరీక్ష రోజు పొద్దున్న పదిసార్లు అన్నాడు.

ఆ రోజు చీటీలు తీస్తే ఇద్దరికీ లోలకమే వచ్చింది. పక్కపక్క స్టాండులు, ఇద్దరికీ కలిపి ఒకటే స్టాప్‌క్లాకు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు సన్నగా, మాట తక్కువ మనిషి. నేను నాలుగు ఊపులు ఊపినట్టు నటించి, ఇరవై నిమిషాల్లో టేబులంతా పెన్సిల్‌తో నింపేశాను. 980.6.

కాసేపటికి వాడు నా వైపు వంగాడు. మొహమంతా చెమటలు.

"ఒరేయ్, 1084 వస్తోందిరా."

"పిచ్చెక్కిందా? లెక్క తప్పుంటుంది."

"మూడుసార్లు తీశాన్రా. మూడుసార్లూ అంతే."

నాకు ఒళ్ళు మండింది. పరీక్షలో కూడా వీడి చాదస్తం ఏమిటి! "1084 రాస్తే ఇక్కడే సున్నా వేస్తాడు. ఉద్యోగం కావాలా వద్దా? మూసుకుని చెరిపెయ్యి" అన్నాను. వాడు ఒక్క క్షణం ఆ అంకెల వంక చూశాడు. తర్వాత రబ్బరు తీసి మొత్తం చెరిపేశాడు. నా టేబులే అక్కడక్కడా మార్చి గుసగుసగా చెప్పాను, రాసుకున్నాడు.

వైవాకి ముందు వాణ్ణే పిలిచారు. ఎగ్జామినరు పేపరు చూసి, "జి ఎంత?" అన్నారు.

"980.2 అండీ."

ఆయన మా స్టాప్‌క్లాకు తెప్పించుకున్నారు. తన చేతి గడియారం విప్పి పక్కన పెట్టి, క్లాకు నొక్కి, గడియారం వంకే చూస్తూ కూర్చున్నారు. మా సారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. సరిగ్గా నిమిషానికి ఆపారు. క్లాకులో యాభై ఏడు సెకన్లే.

"పొద్దున్నే చూశాను దీన్ని. నిమిషానికి మూడు సెకన్లు వెనకబడుతోంది. దీంతో కొలిస్తే వెయ్యి దాటాలి. నీకు 980 ఎలా వచ్చింది బాబూ?"

ఆయన మెల్లిగానే అన్నారు, దగ్గరి బల్ల దగ్గరున్న నాకు మాత్రం వినబడింది. వాడిది తప్పు కాదు. ఆ గదిలో నిజంగా కొలిచింది వాడొక్కడే.

"నీ అసలు రీడింగులు ఏవి?"

"చెరిపేశానండీ."

"ఎందుకు?"

వాడు నా వైపు చూడలేదు. చూస్తాడేమోనని నేను తల దించేసుకున్నాను. "తప్పనుకున్నానండీ" అన్నాడు.

లేచి నిలబడితే సరిపోయేది. నేనే చెరపమన్నానండీ, వాడికి 1084 వచ్చిందండీ, అంటే చాలు. నోరు పెగల్లేదు. నోరు పెగల్లేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను గాని, నిజానికి ఆ క్షణంలో నా చేతులు వేరే పనిలో ఉన్నాయి. నా ముందు ఇంకా ముగ్గురున్నారు. బల్ల చాటున రబ్బరు తీశాను. నా దొంగ రీడింగులన్నిటినీ యాభై ఏడు పెట్టి గుణించి, అరవైతో భాగించి, కొత్తగా రాశాను. జి 1086. కింద ఒక లైను చేర్చాను: క్లాకు నెమ్మదిగా నడుస్తోంది, సవరించగా 980. అదీ కుక్ చేసిందే. లోలకాన్ని మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు.

నా వంతు వచ్చింది. ఎగ్జామినరు ఆ లైను చదివి, చెరిపి చెరిపి అరిగిపోయిన నా పేపరు వెనకా ముందూ తిప్పి చూశారు. ఇది ఇప్పుడే రాశావా అని అడుగుతారని చచ్చేంత భయపడ్డాను. అడగలేదు. "ఒక్కడైనా గమనించాడండీ" అని మా సారుతో అన్నారు. మా సారు నా భుజం తట్టారు. వాడు గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు.

నాకు యాభైకి నలభై ఎనిమిది. వాడు తప్పాడు. జూన్‌లో ఆ ల్యాబులో ఇంకెవరో చేరారు. వాడు మరుసటి ఏడాది పాసై, ఇప్పుడు కైకలూరు వైపు రొయ్యల మేత అమ్ముతున్నాడు.

మొన్న మా ఇంటికొచ్చాడు. మా అబ్బాయికి నన్ను చూపించి, "మీ నాన్నది మామూలు బుర్ర కాదురా. క్లాకు తప్పని మా క్లాసులో కనిపెట్టింది వీడొక్కడే. ఆ రోజు నేను కంగారుపెట్టి వీడి టైమంతా తినేశాను గాని, లేకపోతే ముందే చూసి నాకూ చెప్పేవాడు" అన్నాడు. మా అబ్బాయి నా వంక గొప్పగా చూశాడు. కాఫీ తాగుతావా అని వాణ్ణి అడిగాను.