గొంతు మీద జీడి

2023 ఆగస్టు. పలాసలో ఒక పిల్లల డాక్టరుగారి క్లినిక్‌లో నేను నర్సుని. ఓపీలో బరువు తూచడం, జ్వరం చూడడం, ఉద్దానం నుంచి వచ్చే తల్లుల గోడు వినడం నా పని.

ఆ రోజు పూండి వైపు నుంచి ఒక మామ్మ పదేళ్ల మనవరాలు దేవిని తీసుకొచ్చింది. అంత ఉక్కలోనూ పిల్ల మెడకి చున్నీ చుట్టుకుంది. కళ్లు టపటపా ఆర్పుతోంది, భుజం ఎగరేస్తోంది, ఉండుండి గొంతులో "హుం, హుం" అంటోంది. వీటిని టిక్స్ అంటారు. కదలికలైతే మోటార్ టిక్స్, శబ్దాలైతే వోకల్ టిక్స్. పిల్లలు కావాలని చేసేవి కావు. కాసేపు బిగబట్టుకున్నా ఆ తర్వాత ఇంకా గట్టిగా వస్తాయి.

గొంతు చూద్దామని చున్నీ తీశాను. గొంతు మీద నల్లటి చుక్కలు, చుట్టూ బొబ్బలు. ఒకటి చితికి రసి కారుతోంది.

"ఏటిది మామ్మా?"

"జీడి ఎట్టినానమ్మా, సప్పుడు ఆగుతాదని. ఆగనేదు. రేపు కంటిరెప్పలకీ ఎడతాను," అంది, కూర వండుతానన్నంత మామూలుగా.

జీడి అంటే జీడిపిక్క తొక్కులోంచి కారే చమురు. ఒంటికి తగిలితే కాలుతుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు. నాకసలే నోరెక్కువ. "నీకు బుద్ధుందా? అది పిల్లా, పశువా?" అని అరిచేశాను.

మామ్మ చేతులు చాపింది. ఏళ్ల తరబడి పిక్కలు కొట్టి నల్లబడి, మొద్దుబారిపోయిన వేళ్లు. "రోజూ దీంట్లోనే గదా నా బతుకు. నాకేటయింది తల్లీ?" అంది. ఆవిడకి నిజంగానే తెలియదు.

అప్పుడు దేవి నోరు విప్పింది. "మామ్మని తిట్టకండి సిస్టరమ్మా. నానే ఎట్టమన్నాను. కళ్లకీ నానే ఎట్టమన్నాను. బడిలో అందరూ నాలాగ సేసి నవ్వుతన్నారు."

"మంట పుట్టలేదా?"

"పుట్టింది. ఓర్సుకున్నాను."

పక్కనున్న స్టూలు లాక్కుని దేవి ఎదురుగా కూర్చున్నాను.

డాక్టరుగారు పుండ్లకి కట్టు కట్టించి, ఇది టిక్ డిజార్డర్ అని, పిల్ల కావాలని చేసేది కాదని, చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గుతుందని, తిట్టినా ఎత్తిచూపినా ఎక్కువవుతుందని చెప్పారు. మామ్మ జీడి జోలికి పోనని పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. దేవి మాత్రం డాక్టరుగారినే చూస్తూ, "అయితే నా తప్పు కాదా?" అని అడిగింది.

ఇప్పుడు టిక్స్‌తో ఎవరొచ్చినా పెద్దవాళ్లకంటే ముందు పిల్లలకే చెబుతాను, నీ తప్పు కాదని. ఆ ఒక్క మాట ఎవరూ చెప్పక, పదేళ్ల పిల్ల తన కళ్లు కాల్చుకోడానికి సిద్ధపడింది.