వెండిగీత ఉన్న నల్లముక్క

మా పెద్దబిడ్డ ఇక లేదు. పోయిన సోమవారం పొద్దున దవాఖానాలో ప్రాణం విడిచింది. గుండె ఆపరేషన్‌కు పేరు రాయించి, ఎప్పుడు పిలుస్తారా అని చూస్తూనే ఉన్నాం. ఆ పిలుపు రాకముందే పోయింది. నాచారంలో తనతో పనిచేసిన ఆడపిల్లలు, ఉప్పల్‌లో మా గల్లీవాళ్లు ఇంటికొచ్చి ఎట్లా జరిగిందని అడుగుతున్నారు. నోరు తెరిస్తే ఏడుపే వస్తోంది. అందుకే రాస్తున్నాను. పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, తోచినట్టు రాస్తాను.

రేడియోలకు, టేపు రికార్డర్లకు కరెంటు అందించే చిన్న డబ్బాలు చేసే కంపెనీలో ఆమె సీసం కరిగించి తీగలు అతికించే టంకం పని చేసేది. సాయంత్రం ఇంటికొస్తే జడలో కూడా ఆ పొగ వాసనే. మల్లెపూలు పెట్టినా పోయేది కాదు. నా పాత కుంకుమ భరిణె తీసుకుని, అందులో లవంగమంత నల్లముక్కలు దాచుకునేది. అటొక తీగ, ఇటొక తీగ, ఒక కొసన వెండిగీత. డయోడ్ అంటారట.

నేను మిషన్ మీద జాకెట్లు కుడతాను. మా ముందుగదికి కిటికీ లేదు. కరెంటు పోతే పట్టపగలే చీకటి. సూది బట్టలో ఉండగానే చెయ్యి ఆపుకోవాలి. అది చూడలేక నాకోసం ఒక దీపం చేసింది. కరెంటు ఉన్నంతసేపూ అగ్గిపెట్టెంత పలక ఒకటి పాత స్కూటరు బ్యాటరీని నింపుతుంది. కరెంటు పోగానే ఆ బ్యాటరీతో దీపం వెలుగుతుంది. పలకకూ బ్యాటరీకీ నడుమ ఒక నల్లముక్క. పనికి పోయేముందు దానిమీద వేలుపెట్టి చూసేది. "వెచ్చగున్నదమ్మా, నిండుతున్నది" అని చెప్పి చెప్పులేసుకునేది.

వాళ్ల బాపుకు ఆ దీపం మసకగా అనిపించింది. నల్లముక్క కొంత కరెంటు తినేస్తుందని చాయ్ హోటల్లో ఎవరో చెప్పారట. బిడ్డకు సాయం చేద్దామని, ఆమె పనిలో ఉండగా దాన్ని కత్తిరించి తీగలు రెండూ కలిపేశాడు. మధ్యాహ్నం కరెంటు పోగానే దీపం కొంచెం తెల్లగానే వెలిగింది. ఆయన నావైపు చూసి మీసం దువ్వుకున్నాడు. కాసేపటికి కమురు వాసన. చూస్తే పలక నల్లగా మాడిపోయింది.

బిడ్డ వచ్చేసరికి ఆయన గడపలో తల దించుకుని కూర్చున్నాడు. ఆమె పలక చేతిలోకి తీసుకుని నవ్వింది.

"బాపూ, నీకు దీపం గావాల్నా, పెండ్లి లైటింగు గావాల్నా?"

ఆయన పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "కరెంటు పోంగనే బ్యాటరీల ఉన్నది ఎనుకకు మర్రి పలకల జొర్రుతది. గందుకే మాడింది. ఈ నల్లది జర తింటది, నిజమే. తిననీ. గీత దిక్కుకే పోనిస్తది, ఎనుకకు మాత్రం రానియ్యదు."

"మన బాయి మోటరుకు ఫుట్‌వాల్వు లెక్కనా?" అన్నాడాయన. మోటారు ఆగినప్పుడు పైపులో నీళ్లు తిరిగి బావిలోకి జారిపోకుండా ఆపేది అదే.

"గంతే బాపూ."

కొత్త పలక పెట్టి, నల్లముక్క మళ్లీ అతికించి, అది తినే లోటుకు సరిపడా కరెంటు పెరిగేలా పలక మీది చిన్న స్క్రూ తిప్పింది. ఆ తర్వాత దీపం మసక అని ఆయన అనలేదు.

ఆయాసం మొదలయ్యాక పెద్ద దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరు ఏదేదో చెప్పాడు. నాకు అర్థం కాలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమే చెప్పింది. "అమ్మా, నా గుండెల వాల్వు సక్కగ మూస్కుంటలేదు. పోయిన రక్తం ఎనుకకొస్తున్నది. బాపు కత్తిరించిన దీపం లెక్కనే అయింది నా పని." నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "కొత్త వాల్వు ఏస్తరట. గీత ఏ దిక్కున్నదో సూసి పెట్టున్రని డాక్టరుకు చెప్పాలె" అంది. ఏడుస్తూనే నవ్వాను.

పని మానమంటే మానలేదు. "జర తగ్గించుకుంట, గంతే" అనేది. ముందుగానే ఇంట్లోంచి బయలుదేరి, గాజుల దుకాణం ముందు ఆగి, గాజులు చూస్తున్నట్టు నిలబడి ఊపిరి తీసుకుని, అప్పుడు బస్‌స్టాపుకు పోయేదట. ఆ దుకాణం నడిపే ఆమె మొన్న వచ్చి చెబితేనే నాకు తెలిసింది. చూసి పోవడమే తప్ప ఎన్నడూ కొనలేదని, కొనమని తనూ అడగలేదని చెప్పింది.

ఆపరేషన్‌కు పోయేటప్పుడు తొడుక్కోవడానికి బిడ్డ నన్ను ముందువైపు గుండీలతో వదులు జాకెట్ కుట్టమంది. లేత ఆకుపచ్చ బట్ట తనే తెచ్చింది. కుట్టడం అయింది, గుండీలు మిగిలాయి.

నిన్న మధ్యాహ్నం అది ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కరెంటు పోయింది. దీపం వెలిగింది. ఆ వెలుగులోనే గుండీలన్నీ కుట్టి దారం కొరికాను. కరెంటు వచ్చాక ఆయన లేచి, దీపం దగ్గరికి పోయి, నల్లముక్క మీద వేలు పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"వెచ్చగున్నది" అన్నాడు.

నేనూ లేచిపోయి, ఆయన వేలు పక్కన నా వేలు పెట్టాను.