జీడి వాసన, మొగలి రేకు

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే, నన్ను చూసిపోదామని వచ్చిన మా కోడలు రాస్తోంది. మధ్యమధ్యలో అది ముక్కు ఎగబీలుస్తోంది గానీ నేను ఏడవడం లేదు. మా ఆయన గురించి ఏడుస్తూ చెబితే ఆయనకే నచ్చదు.

మా ఆయనది కొబ్బరి దింపు పని. ఉద్దానంలో చెట్టెక్కే మగాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. కానీ చెట్టు మీంచే కింద పోయేవాళ్ళందరినీ పలకరించి, వాళ్ళతో వేళాకోళాలాడుతూ కాయలు దింపేవాడు మా ఆయనొక్కడే. నేను పలాసలో జీడి బట్టీకి వెళ్ళేదాన్ని, ఇప్పటికీ వెళుతున్నాను. ఉడికించిన పిక్కని కత్తి మిషను మీద పెట్టి, కాలితో తొక్కి, రెండు చెక్కలు చేసి పప్పు తియ్యాలి. పెంకులోంచి కారే నూనె చేతికి తగిలితే తోలు కాలి నల్లబడిపోతుంది. అందుకే చేతులకి ఆముదం రాసుకుని బూడిద అద్దుకుంటాం. వాసనకి మాత్రం మందు లేదు. చీరకి, జుట్టుకి, పడుకునే చాపకి కూడా పట్టేస్తుంది. మాకది వాసనని కూడా తెలీదు. అది మా కూడు.

ఆయనకి పేగులో కేన్సరని వైజాగులో తేల్చారు. కోసి తీసేశాక, విడతలు విడతలుగా వచ్చి మందెక్కించుకోవాలన్నారు. అక్కడి డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి ఒకటే మాట చెప్పింది. "మందు మేమెక్కిస్తాం. తిండి నువ్వు పెట్టాలి. మనిషి బరువు తగ్గిపోతే తర్వాతి విడత ఆపెయ్యాల్సి వస్తుంది. ఆపితే రోగం ఊరుకోదు." ఆ రోజు నుంచి నాకు వేరే దిగులు లేదు. ఆయన ఎన్ని ముద్దలు మింగాడన్నదే దిగులు.

మందు ఒంట్లో ఉన్నన్నాళ్ళూ చల్లటిది తగిలితే ఆయనకి కరెంటు కొట్టినట్టుండేది. మొదటిసారి నీళ్ళగ్లాసు అందిస్తే విసిరికొట్టాడు. కోపమేమో అనుకుని నేను బిక్కచచ్చిపోయాను. ఆయన వేళ్ళు దులుపుకుంటూ నవ్వుతున్నాడు.

"ఒలే, గలాసులో కరెంటు ఎవలెట్టారే? మనింట్లో బల్బుకే సరిగ్గా రాదు గదా!"

అప్పట్నుంచి నీళ్ళు కాచి, గ్లాసుకి గుడ్డ చుట్టి ఇచ్చేదాన్ని. నోరంతా పూసిపోయింది. ఏం తిన్నా తుప్పు మేకు చప్పరించినట్టుందనేవాడు. అరచేతులు నల్లబడి తోలు ఊడింది. నేను చూసి, ఇది అచ్చం జీడి నూనె కాలినట్టే ఉందనుకుని, మా బట్టీ వైద్యమే చేశాను. ఆముదం రాసి, పొయ్యిలో బూడిద అద్దాను. మంటకి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆ తర్వాత వైజాగులో నర్సమ్మ ఆ చేతులు చూసి నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఈయన అడ్డం పడ్డాడు.

"దాన్నేటనకమ్మా. దానికి తెలిసిన మందు అదే. ఇన్నాళ్ళకి మేమిద్దరం ఒక బట్టీవోలం అయినాం."

రెండో విడత అయ్యాక కొత్త గోల మొదలెట్టాడు. సాయంత్రం నేను ఆటో దిగి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని, చేతిలో మొగలి పువ్వు పట్టుకుని ఉండేవాడు. రేకులు విడదీసి, "తల్లో ఎట్టుకో, ఎట్టుకున్నాకే ఇంట్లోకి రా" అనేవాడు. మా తోటల చివర, ఇసక దిబ్బల మీద మొగలి డొంకలు ఉన్నాయి. వానాకాలం పూత. పెళ్ళైన కొత్తలో కూడా ఈయన నాకు పువ్వు తెచ్చిన పాపాన పోలేదు. నాకు సిగ్గూ వేసింది, లోపల సంబరంగానూ ఉంది.

పక్కింట్లోనే ఉండే మా వదిన, అంటే ఆయన అప్ప, ఊరుకుంటుందా?

"ఓలమ్మో! తల నెరిశాక మొగలి రేకులేటే? మొగుడు మంచాన ఉంటే నీకు సోకులెక్కువైనాయి."

"నన్నంటావేటి వదినా? ఎట్టినోడు నీ తమ్ముడు, ఆడినడుగు."

"ఆడికి జుట్టూడిపోనాది. అందుకే నీ జుట్టు మీద పడ్డాడు" అని ఆవిడే పకపకా నవ్వేది.

ఒకరోజు రేకుల మీద నెత్తురు మరకలున్నాయి. మొగలాకు అంచు రంపంలా ఉంటుంది. మందుకి వేళ్ళు మొద్దుబారిపోయి, ముళ్ళు గీరుకున్నది ఆయనకి తెలియనే లేదు. దెబ్బలు తగలకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. మర్నాడు కాయలు కోసే గెడకి కొడవలి కట్టుకుని, దూరంగా నిలబడి పువ్వు కోసుకొచ్చాడు. మానమంటే మాత్రం మానలేదు.

ఇంతా చేసి సాయంత్రం అన్నం దగ్గర నన్ను ఏడిపించేవాడు. మధ్యాహ్నం వదిన పెడితే తినేవాడట. నేను బట్టీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, చోడిపిండితో అంబలి కాచి నోటి దగ్గర పెడితే రెండు గుటకలు మింగి మొహం తిప్పుకునేవాడు. ఒక్కోసారి గభాలున లేచి పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకునేవాడు. అప్ప చేతి తిండి పడుతుంది, పెళ్ళాం చేతిది పడదా అని కడుపు మండేది. ఆదివారం బట్టీకి సెలవు. ఆ రోజు నేను పెట్టినా తినేవాడు, పువ్వు మాత్రం తెచ్చేవాడు కాదు. రెంటికీ ముడి పెట్టే తెలివి నాకు లేకపోయింది.

చెంపలు పీక్కుపోవడం చూసి భయమేసింది. వైజాగు వెళ్ళే ముందు ఒకసారి తూచి చూద్దామని, మా బట్టీలో పిక్కల బస్తాలు తూచే కాటా దగ్గరికి తీసుకెళ్ళాను. దారంతా నవ్విస్తూనే ఉన్నాడు. "బస్తా కంటే తక్కువ తూగితే నన్నూ ఉడకెట్టేత్తారేటే?" అన్నాడు. ఆటో గేటు ముందు ఆగింది. అప్పుడే పిక్కలు ఉడికించిన ఆవిరి బయటికి వదిలారు. ఈయన దిగలేదు. తువ్వాలు ముక్కుకి అదుముకుని, అటువైపు వంగి, పొద్దున తాగిందంతా కక్కేశాడు. తువ్వాలు మడతలోంచి మొగలి రేకు కింద పడింది.

నేను ఆ రేకు చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. తర్వాత నా చీర చెంగు వాసన చూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి నా వాసన నాకు తెలిసింది.

కాటా ఎక్కకుండానే వెనక్కొచ్చేశాం.

"ఎన్నాళ్ళ నుంచి మావా?" అన్నాను ఆటోలో.

"మందెక్కినకాడ్నుంచీ."

"సెప్పొచ్చు గదా?"

"ఏటని సెప్పను? నీ పక్కన కూకోలేకపోతన్నానని సెప్పనా? పొద్దల్లా కాళ్ళూ సేతులూ అరగదీసుకుని వత్తావు. ఆ మాట నా నోట రాలేదే."

"అందుకా పువ్వు?"

"పువ్వుంటే నీ పక్కన కొంతసేపు ఓర్సుకోగలను."

కక్కొస్తుంటే మింగుకుని, రోజూ సాయంత్రం నా పక్కన కూర్చున్నాడు ఆ మనిషి. చెట్టెక్కడం గొప్ప కాదు. నాకు తెలిసి గొప్పంటే ఇదే.

మర్నాటి నుంచి బట్టీ చీర బట్టీలోనే విప్పి కట్టగట్టేదాన్ని. ఇంటికొచ్చాక ముందు వదిన పెరట్లో కుంకుడుకాయతో తలంటుకునేదాన్ని. చేతులకి చింతపండు పులుసు పామి తోముకునేదాన్ని. వదిన నీళ్ళు తోడి పోస్తూ, "రోజూ పెళ్ళికూతురి స్నానమేటే నీకు" అని సణిగేది, పోస్తూనే ఉండేది. ఆ తర్వాతే మా గుమ్మం తొక్కేదాన్ని. మొదటి రోజు అంబలి గ్లాసు ఖాళీ చేశాడు. రెండో రోజు ఇంకాస్త పొయ్యమన్నాడు. తర్వాతొక రోజు, భావనపాడు ఎండు నెత్తళ్ళు కావాలన్నాడు!

"జీడి వాసన పడదు గానీ ఎండుచేప కంపు పడతాదేటి?"

"కంపో గింపో, ఈ నాలిక్కి తెలుత్తన్నది అదొక్కటేనే!"

నోటి పూతకి కారం తగలకూడదు. నెత్తళ్ళు వేయించి, కొబ్బరితో కలిపి, కారం లేకుండా మెత్తగా నూరి, అన్నంలో జావలా కలిపి పెట్టాను. వేలితో గిన్నె తుడుచుకుని తిన్నాడు.

వైజాగులో కాటా ఎక్కేటప్పుడు ఆయన నా వైపు చూసి కన్ను గీటాడు. డాక్టరమ్మ కాటా ముల్లు చూసి, "ఫరవాలేదు, మందెక్కిద్దాం" అంది. అలా ఏ విడతా ఆగకుండా మొత్తం పూర్తి చేశాడు.

స్నానం చేసి వస్తున్నా సరే, పువ్వు తేవడం మాత్రం మానలేదు. "ఇప్పుడు వాసన లేదు గదా మావా" అంటే, "ఇప్పుడు ఊరికే" అనేవాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళు బాగున్నాడు. చెట్టెక్కలేదు గానీ, కింద నిలబడి ఎక్కినోళ్ళని ఆటపట్టించేవాడు. రోగం మళ్ళీ తిరగబెట్టినప్పుడు ఇంక మందు లేదన్నారు. పోయే ముందు వారం కూడా నా చేతి అంబలి తాగాడు.

ఆయన పోయాక నా తలలో పువ్వులు తీసేశారు. మా ఊళ్ళో అది ఆనవాయితీ. ఏడాది తిరిగి వానలు పడ్డాక, ఒకరోజు వదిన మొగలి పువ్వు పట్టుకొచ్చింది. రేకులు విడదీసి, నా చీరల పెట్టెలో మడతల మధ్య సర్దింది.

"తల్లో ఎట్టుకుంటే ఊరంతాది. పెట్లో ఎట్టుకుంటే ఎవలంతారే?" అంది.

పొద్దున్నే ఆ పెట్టెలో చీర కట్టుకుని పలాస ఆటో ఎక్కుతాను. బట్టీ గేటు దాకా నా చుట్టూ మొగలి వాసనే ఉంటుంది. లోపలికెళ్ళాక, ఆ చీర విప్పి మేకుకి తగిలించి, బట్టీ చీర కట్టుకుని కత్తి ముందు కూర్చుంటాను. సాయంత్రం ఇంటికొచ్చి ముందు తలంటుకుంటాను. లోపల నా కోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరు. అయినా తలంటుకోకుండా ఆ గుమ్మం తొక్కను.